లెక్క రాసే చెయ్యి

మంచానికీ మంచానికీ మధ్య
నాలుగడుగుల సముద్రం.
దాన్ని దాటించే పడవలు మన చేతులే.
ఈ మాట నాకు ట్రైనింగులో ఎవరూ చెప్పలేదు.
మూడో మంచం పసిగుడ్డు చెప్పింది,
పాలు పట్టడం మానేసి.

నా ఉద్యోగం లెక్క రాయడం.
పెద్దాసుపత్రి పసిపిల్లల వార్డు మూల, స్టూలు మీద కూచుని
ఎవరు చేతులు కడిగారో, ఎవరు కడగలేదో.
కడిగితే గీత, కడక్కపోతే సున్నా.
పెద్ద డాక్టరుగారికి ఆరు సున్నాలు.
పీజీ కుర్రాడు మొదటి పాపకి కడిగాడు,
రెండో పాప దగ్గర ఫోనొచ్చింది.
సిస్టర్ సువార్తమ్మ పగిలిన వేళ్లతో
స్పిరిట్టు మంటకి పెదవి కొరుక్కుంటూ
ప్రతిసారీ కడిగింది.
ఆమె గీతలన్నీ పక్కపక్కన పెడితే
చిన్న కంచె అవుతుంది.

గవిరమ్మకి నా కాగితంలో గడి లేదు.
తుడిచేవాళ్లని లెక్కపెట్టమని ఎవరూ అనలేదు.
తెల్లారగట్ల పెదజాలారిపేట నుంచి వస్తుంది.
మందునీళ్లకో బకెట్టు, మురికికో బకెట్టు.
శుభ్రమైన చోట మొదలెట్టి, వెనక్కి నడుస్తూ
తుడుపుకర్రతో ఎనిమిది అంకెలు రాసుకుంటూ పోతుంది.
కిటికీ గట్టు మీది పోర్టు దుమ్ము
వేలితో తీసి చూపిస్తుంది.
"సూడమ్మా, నిన్న తుడిసిందే. మల్లీ వచ్చీసింది.
అయినా కంటికి అవుపించే మురికి మంచిదే,
సెప్పి వస్తాది."

ఆ వారం ముగ్గురు పిల్లలు పాలు మానేశారు.
కుళాయిలు చూశాం. సింకు గొట్టం విప్పాం.
ఉప్పుగాలికి తుప్పట్టిన ట్రాలీ చక్రాలు,
వార్మర్ల అంచులు, సక్షన్ గొట్టాలు
అన్నీ దూదిపుల్లతో రాసి ల్యాబుకి పంపాం.
అందరి అరచేతులూ పళ్లేల్లో అచ్చు వేయించాం.
ఎవరి పళ్లెం పూస్తుందో నాకు తెలుసు.
తెలుసనుకున్నాను.

రెండు రాత్రులయ్యాక ల్యాబు కోదండం
మూతలు తియ్యకుండానే
ఒక్కోటీ వెలుగుకెత్తి చూపించాడు.
కొన్నిట్లో ఒకటీ అరా చుక్కలు,
రాత్రివేటకెళ్లిన పడవల దీపాల్లా.
ఒకదాంట్లో మాత్రం
కైలాసగిరి మీంచి చూసిన రాత్రి ఊరు,
బీచిరోడ్డు పొడుగునా, కొండలెక్కి, సందు లేకుండా.
"ఇదెవరి చెయ్యి?"
"చెయ్యి కాదు మేడం. మీ పెన్ను."

నీలం పెన్ను.
మూడో మంచం కింద పడితే తీసుకున్నాను.
ఐదో మంచం కేస్ షీటుకి పీజీ కుర్రాడికిచ్చాను.
అతను కడిగిన చేత్తోనే అందుకున్నాడు.
తిరిగి తీసుకుని
అతనికి సున్నా రాసింది దాంతోనే.

అదే కారణమని ల్యాబు రాసివ్వదు.
పెన్ను మీదదీ పిల్లల రక్తంలోదీ
ఒకే జాతి అని మాత్రం రాసింది.

ఇద్దరు తేరుకున్నారు.
మూడో మంచం తల్లిది చీపురుపల్లి అవతల ఏదో ఊరు.
ఇరవయ్యొకటో నాడు పేరు పెడదామనుకున్నారట.
వెళ్తూ వెళ్తూ నా రెండు చేతులూ పట్టుకుని
"బాగా సూసుకున్నారమ్మా" అంది.
లాక్కోలేకపోయాను.

ఇప్పుడు ప్రతి మంచానికీ దారంతో కట్టిన పెన్ను.
రోజుకి రెండు పోతున్నాయి. మళ్లీ కడుతున్నాం.
కాగితంలో రెండు గడులు కలిపాను,
ఒకటి గవిరమ్మకి, ఒకటి నాకు.
మొదటిరోజు ఆమెవి ముప్పై గీతలు, నావి పదకొండు.
ఆమెకి చదువు రాదు. పొడుగు చూసి నవ్వింది.
"మాయమ్మ సేపల బుట్ట దింపి
ఇసకతో గోళ్లు తోమీది.
వాసనెలాగూ పోదు,
గుంటల్ని ముట్టుకోవాలి గదా అనీది."

డ్యూటీ దిగి, జగదాంబ దగ్గర బస్సు మారి,
ఇంటికెళ్లగానే కుళాయి తిప్పుతాను.
ఇరవై దాకా మనసులో లెక్కపెట్టాలి.
పదిహేడు దగ్గర ఆగిపోతాను.
రోజుల్లో అది ఆ పాప వయసు.

మళ్లీ ఒకటి నుంచి.